సర్ రొనాల్డ్ రాస్: దోమ కడుపులో దొరికిన మర్మము

పరిశుద్ధ గ్రంథమును నమ్మినవారు విజ్ఞాన శాస్త్రమును కూడ నమ్మవచ్చునా? తార్నాకలో కాపురముండు మన కుటుంబములలో ఈ ప్రశ్న తరచుగా వినబడుచుండును. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయము, మరియొకవైపు జాతీయ పోషకాహార సంస్థ, కొంచెము ముందుకు పోయినచో హబ్సీగూడ ప్రయోగశాలలు. మన పిల్లలు ఆదివారము సండే స్కూలులో ఆదికాండము చదివి, సోమవారము కళాశాలలో జంతుశాస్త్రము చదువుచున్నారు. ఈ చదువువలన విశ్వాసము సన్నగిల్లునేమోనని కొందరు తల్లిదండ్రులు భయపడుచున్నారు. మరికొందరు గ్రంథములోని ప్రతి మాటకు ఏదో ఒక శాస్త్ర నిరూపణ వెదకుచున్నారు. ఈ శతవార్షికోత్సవ సంచికలో వాదన చేయుటకు బదులు ఒక మనుష్యుని జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆయన పనిచేసిన చోటు మనకు దూరము కాదు, సికింద్రాబాదు పక్కనున్న బేగంపేటయే.

రొనాల్డ్ రాస్ గారు 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతములోని అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములే అయినది. తండ్రి సైన్యములో పెద్ద అధికారి. ఎనిమిదేండ్ల ప్రాయములో రాస్ గారిని చదువుకై ఇంగ్లండుకు పంపించారు. ఆయన మనస్సు కవిత్వము మీద, చిత్రలేఖనము మీద ఉండెడిది. వైద్యము చదువవలెనన్నది తండ్రిగారి పట్టు. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చదువు ముగించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చారు. 1883లో బెంగుళూరులో ఉండగా, తన బంగళా కిటికీ చెంతనున్న నీళ్ళ తొట్టిలో దోమపిల్లలు ఈదులాడుట చూచారు. ఆ నీరు పారబోయించగానే గదిలో దోమలు తగ్గినవి. చిన్న సంగతియే గాని ఆయన దానిని మరచిపోలేదు.

ఆ కాలములో చలిజ్వరము ఎట్లు వచ్చునో ఎవరికిని తెలియదు. మలేరియా అను ఇటలీ మాటకు చెడు గాలి అని అర్థము. బురద నేలల నుండి లేచు ఆవిరియే కారణమని వైద్యులు తలంచిరి. మన పల్లెలలో దానిని మన్యపు జ్వరమని పిలిచి, గ్రామదేవత ఆగ్రహమని జాతరలు చేసిరి. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయములో శాపముల వరుసలో జ్వరము కూడ ఉన్నది గనుక, మంచము పట్టినవాని ఇంట ఏదో పాపము దాగియున్నదని తీర్పు తీర్చిన విశ్వాసులును లేకపోలేదు. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అయితే అది రక్తములోనికి ఎట్లు చేరుచున్నది? 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు రాస్ గారికి ఆ సూక్ష్మజీవిని చూపించి, దోమను అనుమానించుమని చెప్పాడు.

1895లో రాస్ గారు సికింద్రాబాదులోని 19వ మద్రాసు పదాతి దళమునకు వైద్యుడుగా వచ్చారు. దోమ నీటిలో చచ్చి, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చునని మాన్సన్ ఊహ. రాస్ గారు పరీక్షించి చూడగా అది నిలువలేదు. అటు తరువాత దోమలను ఒక్కొక్కటిగా కోసి చూచుట మొదలు పెట్టారు. గోధుమ రంగు దోమలు వందలు కోసినను ఏమియు దొరకలేదు. అవి జ్వరమును మోయు జాతి కాదని ఆయనకు అప్పుడు తెలియదు. నడుమ బెంగుళూరులో కలరా పని పడినది. 1897లో నీలగిరుల ప్రాంతమునకు వెళ్ళి తానే మలేరియాతో పడి లేచారు.

ఆ యేడు ఆగస్టులో బేగంపేట ఆసుపత్రిలో ఉక్కపోత. పంకా లాగించినచో కోసిన దోమలు ఎగిరిపోవును గనుక పంకా లేదు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి, అద్దము పగిలినది. హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుడు దోమతెరలో పడుకొని, దోమకు ఒక అణా చొప్పున కూలి పుచ్చుకొని, రెక్కలపై మచ్చలుగల కొత్తరకము దోమలచేత కుట్టించుకొన్నాడు. ఆగస్టు 20వ తేదీన వాటిలో ఒక దోమ పొట్ట గోడపై నల్లని రేణువులుగల గుండ్రని కణములను రాస్ గారు చూచారు. మరునాడు కోసిన దోమలో అవి ఇంకను పెరిగియున్నవి. మనుష్యుని రక్తములోని జీవి దోమ దేహములో పెరుగుచున్నదని అట్లు తేలినది. ఆ వ్యాసము డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయినది. హుసేన్ ఖాన్ పేరు కూడ మనము గౌరవముతో తలంచుకొనవలెను.

ఆ విజయ సమయములో రాస్ గారు ఒక కవిత వ్రాశారు. తన చేతికి ఈ మర్మమును అందించినది దేవుడేనని అందులో చెప్పుకొన్నారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో పౌలు మరణమును సవాలు చేసి, దాని ముల్లు ఏమైనదని అడుగుట మనమెరుగుదుము. ఆ మాటలే రాస్ గారి కవిత చివర వినబడును. ఆయన మిషనరీ కాదు, సంఘమును నడిపిన భక్తుడును కాదు. అయినను, ప్రయోగశాలలో సంతోషము పొంగినప్పుడు ఆయనకు దొరికిన భాష పరిశుద్ధ గ్రంథముదే.

ఇక్కడ మనము ఆగి ఆలోచింపవలెను. గ్రంథములో ఏ అధ్యాయము తిరుగవేసినను అనాఫిలిస్ దోమ సంగతి దొరకదు. పేతురు అత్త జ్వరముతో పడియుండగా ప్రభువు ఆమె దగ్గరకు వెళ్ళి స్వస్థపరచెను గాని, జ్వరమునకు కారణము బోధింపలేదు. మెలితే ద్వీపములో పొప్లి తండ్రి జ్వరముతో బాధపడగా పౌలు ప్రార్థన చేసి చేతులుంచెను. ఆ ప్రయాణములో వైద్యుడైన లూకా కూడ ఉన్నాడు. రోగి మంచము దగ్గరకు వెళ్ళుమని గ్రంథము మనలను పంపుచున్నది. అక్కడ ఏమి చేయవలెనో కనుగొనుటకు దేవుడిచ్చిన కన్నులను, బుద్ధిని వాడవలెను. పుట్టు గ్రుడ్డివాని చూచి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాడైనను వాని తలిదండ్రులైనను కారని ప్రభువు తేల్చెను. రాస్ గారు చూపిన దోమ ఆ తీర్పునకు విరుద్ధము కాదు. రోగి ఇంటిపై మనము వేసిన నిందను అది తీసివేసినది.

తరువాతి జీవితమును క్లుప్తముగా చెప్పెదము. రాస్ గారిని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపించునని నిరూపించారు. అదే యేడు ఇటలీలో గ్రస్సీ మొదలైనవారు మనుష్యుల మలేరియా సంగతి పూర్తిచేశారు. 1902లో నోబెల్ బహుమతి రాస్ గారికి వచ్చినది. అయితే ఈ ఘనత ఎవరిదని గ్రస్సీతో నడచిన కలహము చాల చేదైనది. లోకమునకు మేలుచేసిన జ్ఞానము ఆయన హృదయములోని ఆ చేదును తీయలేకపోయినది. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండన్‌లో కన్నుమూశారు.

మరణపు ముల్లు విరిగినదని ఆయన సంతోషించినను, మలేరియా విరుగలేదు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశములో యేటేట 7.5 కోట్లమందికి ఈ జ్వరము వచ్చెడిదని, 8 లక్షలమంది చనిపోయెడివారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమము మొదలై, 1965 నాటికి కేసులు లక్షకు తగ్గినవి. పని సడలి, దోమలు మందునకు అలవాటుపడగా, 1976లో మరల 64 లక్షలు దాటినవి. అటు తరువాత తిరిగి బాగుగా తగ్గినను, దోమ మనలను విడువలేదు. కనుగొనుట ఒక దినపు పని, కాపాడుట ప్రతి దినపు పని. పౌలు చెప్పిన జయము క్రీస్తు పునరుత్థానమువలన కలిగినది, సూక్ష్మదర్శిని దానిని ఇయ్యలేదు, తీసివేయనులేదు. ఈ రెండు జయములను కలగాపులగము చేయకుండ, రెంటికిని దేవునికి వందనములు చెల్లించుట మన పిల్లలకు నేర్పవలెను.

బేగంపేటలో రాస్ గారు పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన సంస్థగా ఆయన పేరును ధరించినది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. ఆ వారములో మన యౌవనస్థుల సమాజమువారు గుడి ఆవరణలోని తొట్లను, కూలర్లను, కొబ్బరి చిప్పలను వెదకి నీరు పారబోసి, ఆ సాయంకాలము జ్వరముతో ఉన్నవారి ఇండ్లకు వెళ్ళి, రక్తపరీక్షకు వారిని తీసికొనిపోయి, వారికొరకు ప్రార్థన చేసినచో బాగుండునని మా మనవి.