విజ్ఞానదాత కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు

ఖమ్మము పట్టణమును ఒరసికొని పారు మున్నేరు కృష్ణలో కలియుటకు ముందు పెనుగంచిప్రోలు గ్రామమును తాకును. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన ఆ గ్రామమున జన్మించిరి. బడిలో చదివిన చదువునకును, బయట బ్రతుకుచున్న లోకమునకును నడుమ ఆ నాటి తెలుగు బాలునికి వంతెన లేదు. తెలుగు పుస్తకములతో ఆ వంతెనను కట్టుటకే పంతులుగారి నలువదియాఱేండ్ల జీవితము ధారపోయబడెను.

మూడేండ్ల వయస్సుననే ఆయనకు పితృవియోగము సంభవించెను. కొంతకాలము భువనగిరిలో చదివి, పిదప అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట నుండి నాగపురమున విద్యాభ్యాసము చేసిరి. అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. తమ్ముని చదువు తోడుగా ఇంటనే అక్షరములు నేర్చి, తరువాతి కాలమున స్త్రీల జీవితచరిత్రములను రచించి ప్రసిద్ధి గాంచిరి. బడిలో ఒకరు నేర్చిన పాఠము గడప దాటి మరియొకరి జీవితమును మార్చగలదని లక్ష్మణరావుగారు తమ యింటనే కన్నులార చూచిరి.

నాగపురమున ఆయన మహారాష్ట్ర భాషలో పండితులై, ఆ భాషలో వ్యాసములు వ్రాసిరి. మహారాష్ట్రులకు తమ చరిత్రమును, శాస్త్రవిషయములను తమ భాషలోనే చదువుకొను వీలుండగా, తెలుగువారికి అది లేకపోవుట ఆయన మనస్సును కలతపెట్టెను. పట్టభద్రులైన తరువాత మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారి సంస్థానమున దివానుగా కుదిరిరి. నాలుగు వైపుల నిజాము రాజ్యము చుట్టియున్న మునగాల, ఆంగ్లేయ పాలనలోని కృష్ణా మండలమునకు చెందినది. అందుచే రెండు సీమల తెలుగువారి స్థితియు ఆయనకు దగ్గఱగా తెలిసెను.

నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. ఏన్కూరు ప్రాంతమును ఆ రాజ్యములోనిదే. పై చదువులలో తెలుగునకు చోటు స్వల్పము. ఇట్టి కాలమున 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసెను. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు మొదలగు వారితో కలిసి దానిని నెలకొల్పినవారిలో లక్ష్మణరావుగారు ముఖ్యులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము స్థాపితమయ్యెను.

గ్రంథాలయములు వెలసినవి, కాని అందుంచుటకు తగిన పుస్తకము లేవి? కావ్యములును పురాణములును కలవు. దేశచరిత్రము, ప్రకృతి శాస్త్రము, ప్రపంచ విషయములు తెలుపు పుస్తకములు బహుస్వల్పము. 1897లో రోనాల్డు రాసు అను వైద్యుడు సికిందరాబాదులోనే దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ వార్త లోకమంతట ఆంగ్లమున వ్యాపించెను. అడవి అంచు పల్లెలలో చలిజ్వరముతో మంచము పట్టినవానికి మాత్రము అది తన భాషలో చేరలేదు. తెలుగు గడ్డపై పుట్టిన జ్ఞానమే తెలుగు పల్లెకు దూరమయ్యెను. చదువునకు, బ్రతుకునకు ఉన్న ఎడమునకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

ఈ కొఱత తీర్చుటకై 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మున్నగు వారితో కూడి లక్ష్మణరావుగారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. 1908లో మండలి మద్రాసునకు తరలెను. చందాదారుల తోడ్పాటుతో వరుసగా గ్రంథములు వెలువరించుట దాని పద్ధతి. మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. దూరదేశమున బానిసత్వము తొలగిన ఆ కథ, వెట్టిచాకిరి నెఱిగిన పల్లెవాసికి పరాయిది కాదు. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, వేమూరి విశ్వనాథశర్మగారు రసాయనశాస్త్రమును, మంత్రిప్రెగడ సాంబశివరావుగారు పదార్థవిజ్ఞానశాస్త్రమును వ్రాసి యిచ్చిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును ఈ మాలలోనిదే. నవలలకు పోటీలు పెట్టి, చరిత్రమును కథారూపమున యువకుల చేత చదివించిరి. లక్ష్మణరావుగారు స్వయముగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను గ్రంథములు రచించిరి.

చరిత్రమును అచ్చుపుస్తకమున మాత్రమే వెదకుట ఆయనకు సమ్మతము కాదు. గుడి ముంగిట పడియున్న శాసనమును చదివి, దాని కాలమును, దానమును, పన్నులను నిర్ణయించి చరిత్రము కూర్చవలెనని ఆయన పట్టుదల. పశువులు ఒరసికొను ఱాయి సైతము ఊరి గతమును చెప్పు పాఠమని ఆయన కృషివలన పలువురు గ్రహించిరి.

సమస్త విజ్ఞానమును ఒక్కచోట చేర్పవలెనను సంకల్పముతో ఆయన ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును ప్రారంభించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి యువకులు ఆయనకు తోడుపడిరి. కాని పని కొండంత, ఆయువు పిడికెడు. మూడు సంపుటములు వెలువడినను, అవి అకారముతో మొదలగు విషయములకే సరిపోయెను. 1923 జూలై 12వ తేదీన మద్రాసులో పంతులుగారు పరమపదించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మరల చేపట్టిరి.

అకారముతో ఆగిపోయిన గ్రంథము నిష్ఫలము కాలేదు. హైదరాబాదులోని ఆంధ్ర పరిశోధక సంఘము ఆయన పేరిట లక్ష్మణరాయ పరిశోధక మండలిగా మారి, తెలంగాణ శాసనములను సేకరించి ప్రకటించెను. ఆ మండలికి చిరకాలము సేవ చేసిన ఆదిరాజు వీరభద్రరావుగారు మన మధిర తాలూకా దెందుకూరున పుట్టినవారు. పెనుగంచిప్రోలున పుట్టిన యత్నమును దెందుకూరివాడు ముందుకు నడిపెను.

ఏన్కూరు బాలబాలికలు నేడు బడిలో దోమను గూర్చియు, నేలను గూర్చియు, కాకతీయులను గూర్చియు తెలుగున చదువుచున్నారు. పంతులుగారి తరము కష్టించి సంపాదించిన భాగ్యమిది. చదివిన సాయంకాలమే ఇంటి వెనుక నిలిచిన నీటిని, చేనిలోని మట్టిని, పాత గుడి ఱాతిని ఒకమారు పరిశీలించి, చూచినదానికి కారణము వెదకుటకు మరల గ్రంథాలయమునకు వచ్చు బాలుడే ఆయనకు నిజమైన వారసుడు.