కంప్యూటర్‌కు వంతులు నేర్పిన డైక్‌స్ట్రా

ఈసారి మన గోడపత్రికలో ఒక శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను. ఆయన పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. కంప్యూటర్‌లో ఒకేసారి ఎన్నో పనులు నడుస్తాయి కదా. అవి ఒకదాన్నొకటి పాడుచేసుకోకుండా ఉండే పద్ధతి చూపించింది ఈయనే.

డైక్‌స్ట్రా 1930 మే 11న హాలెండు దేశంలోని రాటర్‌డ్యామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రం మాస్టారు, తల్లి లెక్కలు చదివినావిడ. ఆయనకు మొదట్లో లా చదవాలని ఉండేది. కానీ లెక్కలు, సైన్సులో మంచి మార్కులు రావడంతో లైడెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివారు. 1952లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని గణిత కేంద్రంలో ప్రోగ్రామర్‌గా చేరారు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని అప్పటికి ఎవరికీ తెలీదు. 1957లో పెళ్ళి కాగితాల్లో ప్రోగ్రామర్ అని రాస్తే అధికారులు ఒప్పుకోలేదు! చివరికి భౌతిక శాస్త్రవేత్త అని రాయాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఎక్స్1 అనే కొత్త కంప్యూటర్ తయారవుతోంది. ఒక పని నడుస్తుండగా మధ్యలో ఇంకో పని వచ్చి దాన్ని ఆపే వీలు ఇందులో పెడదామన్నారు తోటి ఇంజనీర్లు. డైక్‌స్ట్రాకు భయం వేసింది. మొదట ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను.

స్టోరు రిజిస్టర్‌లో 100 కిలోల బియ్యం ఉందనుకోండి. ఒకరు 20 కిలోలు వంటకు తీశారు. అదే సమయంలో ఇంకొకరు 50 కిలోలు తెచ్చారు. ఇద్దరూ ఒకేసారి రిజిస్టర్ చూశారు, ఇద్దరికీ 100 అనే కనిపించింది. మొదటివారు 80 అని రాశారు. రెండోవారు దాన్ని కొట్టేసి 150 అని రాశారు. నిజానికి ఉండాల్సింది 130. ఎవరి లెక్కా తప్పు కాదు, అయినా రిజిస్టర్ తప్పయింది! రేపు ఇద్దరూ వేరువేరు టైముల్లో వస్తే లెక్క సరిగ్గానే వస్తుంది. అందుకే ఈ రకం తప్పు వెతికితే దొరకదు, మళ్ళీ చేసి చూస్తే కనబడదు. ఆయన భయపడింది దీనికే.

ఆ భయంతో ఆయన పారిపోలేదు. ఆ పని మీదే పరిశోధన చేసి 1959లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1962లో ఐండ్‌హోవెన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ సెమఫోర్ అనే ఉపాయం చెప్పారు. సెమఫోర్ అంటే రైలు సిగ్నల్ చెయ్యి. రిజిస్టర్ ముట్టుకునే ముందు తాళంచెవి తీసుకోవాలి. పని కాగానే తిరిగి పెట్టాలి. చెవి లేకపోతే వంతు వచ్చేదాకా ఆగాలి. అంతే!

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు మలుపులో రెండు లారీలు ఎదురెదురుగా వచ్చి, ఏదీ వెనక్కి పోకపోతే రెండూ అక్కడే నిలబడిపోతాయి. రెండు ప్రోగ్రాములు ఒకదాని తాళం కోసం ఇంకొకటి ఆగినా అంతే. దీని గురించి కూడా ఆయన ముందే ఆలోచించి రాశారు.

ఆయన, ఇంకో ఐదుగురు కలిసి మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌నే ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పొరలు పొరలుగా కట్టారు. ఒక్కో పొర సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే పైది కట్టారు. 1968లో దాని గురించి ప్రకటించారు. పరీక్షల్లో 500 ఆదేశాలకు ఒకటి చొప్పున చిన్న తప్పులే దొరికాయి. ఒక్కొక్కటి 10 నిమిషాల్లోపే పట్టుకున్నారు. పరీక్షిస్తే తప్పు ఉందని తెలుస్తుంది గానీ, తప్పే లేదని తెలియదని ఆయన నమ్మకం.

ఆ మాట ఎంత నిజమో 2016లో తెలిసింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెర్నల్ అనే భాగం ఉంటుంది. ఎవరు ఏ మెమరీని ముట్టుకోవచ్చో చూసే కాపలాదారు అదే. లినక్స్ కెర్నల్‌లో డర్టీ కౌ అనే లోపం ఆ ఏడాది బయటపడింది. రెండు పనులు ఒకే క్షణంలో పోటీపడేలా చేస్తే, చదవడానికి మాత్రమే ఇచ్చిన చోట రాయడానికి కూడా సందు దొరికేది. అలా మామూలు మనిషి కంప్యూటర్ మొత్తానికి యజమాని అయిపోవచ్చు. ఆ లోపం 2007 నుంచీ ఉంది! లినక్స్ మీదే నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఆ ముప్పు వచ్చింది. వెంటనే దిద్దారు. కానీ తొమ్మిదేళ్ళు అన్ని వేల కళ్ళకూ అది కనబడలేదు.

డైక్‌స్ట్రాకు 1972లో కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984 నుంచి 1999 వరకు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2002 ఆగస్టు 6న స్వదేశంలోనే కన్నుమూశారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి చివర్లో చెప్తున్నాను. అంత పెద్ద కంప్యూటర్ శాస్త్రవేత్త తన వ్యాసాలు ఎక్కువగా సిరాపెన్నుతో చేత్తోనే రాసేవారు. నంబర్లు వేసి, కాపీలు తీసి మిత్రులకు పంపేవారు. అలాంటివి 1300 పైనే ఉన్నాయి. సిరాతో రాస్తే చెరపడం కుదరదు కాబట్టి ముందు ఆలోచించాలి, తర్వాతే రాయాలి. చేత్తో రాసే మన గోడపత్రికకూ, రేపు మనలో ఎవరైనా రాయబోయే ప్రోగ్రాముకూ ఇదే సూత్రం అని నా అభిప్రాయం.

– మీ తోటి విద్యార్థి, చింతూరు