సవరల కోసం సవర నేర్చిన ఇంగ్లిషు మాస్టారు

ఇంగ్లిషు వ్యాకరణంలో పిల్లలకు ముందుగా వచ్చే పాఠం నౌన్. కామన్ నౌన్ అంటే ఏమిటి, ప్రాపర్ నౌన్ అంటే ఏమిటి అని అడిగితే గడగడా అప్పజెబుతారు. వాక్యం రాయమంటే మాత్రం ‘కల్మల’ను చిన్న అక్షరంతో మొదలుపెట్టి, ఊరు అనే మాటకు పెద్ద అక్షరం పెడతారు. తప్పు పిల్లలది కాదు. తెలుగులో గానీ కన్నడంలో గానీ పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడానే లేదు. ఇంట్లో లేని సంగతిని ఒట్టి నిర్వచనంతో నేర్పబోతున్నాం. ఈ చిక్కు ఎదురైనప్పుడల్లా మాకు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తారు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. ఉద్యోగం చేస్తూనే బి.ఏ. ప్యాసయ్యారు. ముఖలింగం గుడి శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని చదివారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాష తెలుగూ కాదు, ఒడియా కాదు. దానికి అప్పటికి లిపి లేదు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను వారి మాట నేర్చుకోవాలని పంతులుగారు అనుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అయినా పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు వచ్చాయి.

ఆయన ఇంగ్లిషు చెప్పిన తీరు కూడా ఇలాంటిదే. వ్యాకరణం కంఠతా పట్టించడం కన్నా, వస్తువును చూపించి పిల్లల చేత మాట్లాడించే పద్ధతి వైపు మొగ్గారు. పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ దొర, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడగడంతో వాడుకభాష ఉద్యమం వైపు ఆయన దృష్టి మళ్లింది. తర్వాతి బతుకంతా దానికే ధారపోశారు.

నౌన్ పాఠానికి ఆయన ఇంటిపేరే మంచి ఉదాహరణ. ఆకుల గొడుగును గిడుగు అంటారు. గొడుగు అనే అర్థంలో అది కామన్ నౌన్. పంతులుగారి ఇంటిపేరుగా ప్రాపర్ నౌన్. ఒకటే మాట, చేసే పని వేరు. మన పిల్లలకు ఇలాంటివి ఇంటి నుంచే దొరుకుతాయి. నది అంటే ఏ నదైనా కావచ్చు. కృష్ణ, తుంగభద్ర అంటే మన జిల్లా అంచున పారేవే. ఊరు అంటే ఏ ఊరైనా. కల్మల అంటే కల్మలే. కన్నడ పాఠంలో ఇవే రూఢనామ, అంకితనామ అన్న పేర్లతో వస్తాయి. తెలుగులో తేడా తెలిశాక, కన్నడంలో దాని పేరు చెప్పి, చివరగా ఇంగ్లిషులో పెద్ద అక్షరం చూపిస్తే సరిపోతుంది. ముందు అర్థం, తర్వాత గుర్తు.

ఇంగ్లిషు రావాలంటే తెలుగు వదలాలని కొందరు తల్లిదండ్రులు భయపడుతున్నారు. సవర పిల్లలకు సవరలో మొదలుపెట్టిన పంతులుగారు ఆ పనిని ఇంగ్లిషు నిఘంటువు దాకా తీసుకెళ్లారు. ఒక భాష ఇంకోదానికి అడ్డం రాలేదు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. అది తట్టుకోలేక పంతులుగారు ఏళ్ల తరబడి ఉన్న ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. మన రాయచూరు కూడా 1956లో హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారింది. మనం ఊరు వదల్లేదు, ఇక్కడే ఉన్నాం. ఉన్నచోట ఇంటిమాటను నిలుపుకోవాలంటే దాన్ని బడిలో పనికొచ్చేలా వాడాలి. ఈ వారం నౌన్ పాఠం వస్తే, పుస్తకం తెరిచేముందు పిల్లల్ని వాళ్ల వీధి, వాళ్ల వాగు, వాళ్ల మేకల పేర్లు అడగండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది.