తపాలా బిళ్ళపై మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఉత్తరంపై అంటించే తపాలా బిళ్ళ చాలా చిన్నది. కాని ఒక దేశం ఎవరిని మరువరాదని భావిస్తున్నదో ఆ చిన్న కాగితం తెలుపుతుంది. భారతదేశంలో అత్యున్నత పౌర పురస్కారం భారతరత్న. దానిని అందుకున్న అనేకుల చిత్రాలతో భారత తపాలా శాఖ బిళ్ళలు వెలువరించింది. సాధారణంగా ఆ గౌరవం మరణానంతరమే లభిస్తుంది. జీవించి ఉండగానే దానిని పొందినవారు బహు కొద్దిమంది. మహిళా విద్యకై పాటుపడిన ధోండో కేశవ కర్వే 1958లో ఆ గౌరవం పొందారు. అటుపిమ్మట 1960 సెప్టెంబరు 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య చిత్రంతో 15 నయా పైసల బిళ్ళ వెలువడింది. ఆ రోజునే ఆయన నూరవ ఏట అడుగుపెట్టారు.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం. ఊరు విడిచి తరాలు గడచినా ఆ ఊరి పేరు వారి ఇంటిపేరుగా నిలిచిపోయింది.

బాల్యంలోనే తండ్రి మరణించారు. కుటుంబానికి ఆస్తిపాస్తులు లేవు. బెంగళూరులో చదువుకునే రోజులలో విశ్వేశ్వరయ్య ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి తన భోజన వసతులు సమకూర్చుకున్నారు. 1881లో పట్టభద్రులయ్యారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పుణె వెళ్ళి ఇంజనీరింగు విద్య పూర్తిచేశారు. 1884లో బొంబాయి రాష్ట్రంలో సహాయ ఇంజనీరుగా చేరారు.

పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆయన ప్రతిభ లోకానికి వెల్లడైంది. వర్షాకాలంలో అధికంగా వచ్చే నీరు వృథాగా పొర్లిపోయేది. ఆనకట్టను మరింత ఎత్తుగా కట్టాలంటే వ్యయం ఎక్కువ. అందుకు విశ్వేశ్వరయ్య తమంతట తామే పనిచేసే తలుపులను రూపొందించారు. నీరు నిర్ణీత మట్టం దాటగానే అవి తెరుచుకుంటాయి, తగ్గగానే మూసుకుంటాయి. 1903లో అమర్చిన ఆ తలుపుల వలన ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలువ చేయడం సాధ్యమైంది.

ఇక హైదరాబాదు నగరం ఆయనను ఎందుకు స్మరిస్తుందో తెలుసుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి ఘోరమైన వరద వచ్చింది. వంతెనలు కొట్టుకుపోయాయి. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారు. నది ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. దాని కొమ్మలపైకి ఎక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు.

అప్పటికి విశ్వేశ్వరయ్య బొంబాయి కొలువు ముగించి విదేశాలలో పర్యటిస్తున్నారు. తమ నగరాన్ని కాపాడే ఉపాయం చెప్పవలసిందిగా నిజాం ప్రభుత్వం ఆయనను కోరింది. 1909లో ఆయన హైదరాబాదు చేరుకున్నారు. అందరి చూపూ నగరంలోని శిథిలాలపై ఉండగా, ఆయన దృష్టి నది ఎగువ ప్రాంతంపై నిలిచింది. అక్కడి వర్షపాతాన్ని, వాగులను, చెరువులను పరిశీలించారు. ఆ వర్షానికి రెండు వందలకు పైగా చెరువులు తెగిపోయాయి. ఒక చెరువు తెగి ఆ నీరు దిగువ చెరువులో పడడం, అదీ తెగడం, చివరకు నీరంతా ఒక్కసారిగా నగరంపై పడడం జరిగిందని గ్రహించారు.

కారణం తెలిసిన పిమ్మట పరిష్కారం దొరికింది. నగరానికి ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై ఒకటి చొప్పున రెండు జలాశయాలు నిర్మించాలని ఆయన సూచించారు. వరద నీటిని అక్కడ ఆపి, మెల్లమెల్లగా విడిచిపెట్టడమే ఆ ఉపాయం. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన నీరే నగరవాసుల దాహం తీర్చే మంచినీరైంది.

1912 నుండి 1918 వరకు ఆయన మైసూరు సంస్థానానికి దివానుగా పనిచేశారు. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణానికి ఆయన కృషి ప్రధానమైనది. ఆయన కాలంలోనే మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రదానం చేసింది. 1962 ఏప్రిల్‌లో ఆయన బెంగళూరులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను భారతదేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

విద్యార్థులారా! ఆపద వచ్చినప్పుడు కన్నీరు తుడవడం మంచి పని. ఆ ఆపద ఎక్కడ పుట్టిందో వెతికి, మరల రాకుండా చూడడం అంతకంటె గొప్ప పని. విశ్వేశ్వరయ్య చేసినది అదే. మీ ఇంట పాత ఉత్తరాలు ఉంటే పెద్దల అనుమతితో వాటిపై ఉన్న బిళ్ళలను పరిశీలించండి. ఏదైనా ఒక ముఖం కనిపిస్తే పేరు తెలుసుకోవడంతో ఆగక, ఆ వ్యక్తి ఎవరి కష్టం తీర్చారో కూడా అడిగి తెలుసుకోండి.