మోల్ట్కే వంశంలో ఖడ్గం పట్టని వాడు

బెర్లిన్‌లోని ప్లెట్జెన్‌జే జైల్లో 1945 జనవరి 23న ఉరికంబమెక్కిన ఖైదీల్లో హెల్మూట్ జేమ్స్ ఫాన్ మోల్ట్కే ఒకడు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్ళు. ఆయన బాంబు పెట్టలేదు, తుపాకీ పట్టలేదు, ప్రభుత్వాన్ని కూల్చడానికి సైన్యాన్ని కూడగట్టలేదు. హిట్లర్ పోయాక జర్మనీ ఎలా ఉండాలన్న విషయం మీద స్నేహితులతో, దైవసేవకులతో కూర్చుని మాట్లాడాడు. అదే ఆయన నేరం. విచిత్రమేమిటంటే, ఆయన్ను చంపిన ఆ దేశాన్ని ఒక్కటిగా నిలబెట్టిన యుద్ధాలకు వ్యూహం పన్నింది ఆయన వంశీకుడే. జర్మనీలో బడిపిల్లలకు కూడా తెలిసిన పేరది.

ఆ పేరుకు అంత ఘనత తెచ్చినవాడు ఆయన ముత్తాతకు అన్న. ఆయన పేరూ హెల్మూటే. ఆ ఇంట్లో మగబిడ్డలకు అదే పేరు పెట్టుకోవడం ఆనవాయితీ అయిపోయింది కనుక చదువరులు కాస్త ఓపిక పట్టాలి. 1800లో మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలోని పార్ఖిమ్ అనే ఊళ్ళో పుట్టిన ఈ పెద్ద మోల్ట్కేది పాత ప్రభువర్గపు కుటుంబమే గానీ ఆస్తులు కరిగిపోయాయి. 1806లో నెపోలియన్ సైనికులు ల్యూబెక్ పట్టణంలోని వాళ్ళ ఇంటిని దోచుకున్నారు. కోపెన్‌హాగెన్ సైనిక పాఠశాలలో చదివి, కొంతకాలం డెన్మార్క్ సైన్యంలో పనిచేసి, 1822లో ప్రష్యా సైన్యంలో చేరాడు. గుర్రం కొనుక్కునే స్తోమత లేక, ఆ డబ్బు కోసం గిబ్బన్ రాసిన రోమా సామ్రాజ్య చరిత్రను జర్మన్‌లోకి అనువదించడానికి పూనుకున్నాడు. అలాంటివాడు 1857 నుండి 1888 వరకు ప్రష్యా సైన్యపు ప్రధాన వ్యూహకర్తగా ఉన్నాడు. రైలు పట్టాలు, టెలిగ్రాఫ్ తీగలు యుద్ధాన్ని మార్చేస్తాయని చాలామంది సేనానుల కంటే ముందే గ్రహించాడు. 1864లో డెన్మార్క్, 1866లో ఆస్ట్రియా, 1870లో ఫ్రాన్సు ఆయన వ్యూహాల ముందు ఓడిపోయాయి. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది. రాజకీయం బిస్మార్క్‌ది, రణరంగం మోల్ట్కేది.

1866 విజయానికి ప్రభుత్వం ఇచ్చిన బహుమానపు సొమ్ముతో ఆయన మరుసటి ఏడాది సైలీషియా ప్రాంతంలో క్రైజావ్ అనే గ్రామాన్ని, దాని పొలాలతో సహా కొన్నాడు. భార్య మేరీ 1868లో చనిపోయింది. పిల్లలు లేరు. ఊరి పక్కన కొండ మీద ఆమె కోసం చిన్న సమాధి మందిరం కట్టించి, అందులో రోమా పత్రిక 13వ అధ్యాయంలోని ఒక మాట రాయించాడు. ప్రేమ ధర్మశాస్త్రాన్ని నెరవేరుస్తుందని పౌలు చెప్పిన 10వ వచనమది. అదే అధ్యాయం మొదటి వచనం, పై అధికారులకు లోబడమన్నది, జర్మనీ లూథరన్ సంఘాల్లో తరతరాలుగా ప్రసంగాంశం. రాజుకు లోబడటమే దైవభక్తి అన్నంతగా అది జనంలో నాటుకుపోయింది. మోల్ట్కే వంశ చరిత్రంతా ఈ రెండు వచనాల మధ్యే నడిచిందని నాకనిపిస్తుంది. పెద్దాయన క్రూరుడేమీ కాదు, మితభాషి, భక్తిపరుడు. చనిపోయే ముందు ఏడాది, 1890లో, పార్లమెంటులో లేచి, రాబోయే యుద్ధం ఏడేళ్ళు సాగవచ్చు, ముప్ఫై ఏళ్ళూ సాగవచ్చు, దానికి నిప్పంటించేవాడికి శ్రమ తప్పదని హెచ్చరించాడు. కానీ ఆ యుద్ధానికి కావలసిన యంత్రాన్ని బిగించిపెట్టింది కూడా ఆయనే.

ఆ యంత్రం ఆయన తమ్ముడి కొడుకు చేతికొచ్చింది. ఇతడూ హెల్మూటే, చరిత్రలో చిన్న మోల్ట్కే అంటారు. 1906లో పెదనాన్న కుర్చీ ఎక్కాడు. 1914 ఆగస్టులో తటస్థ దేశమైన బెల్జియం మీదుగా ఫ్రాన్సు పైకి సైన్యాన్ని నడిపించాడు. సెప్టెంబరులో మార్న్ నది దగ్గర దాడి ఆగిపోయింది, ఆయన మనసూ ఒళ్ళూ కుదేలయ్యాయి. పదవి పోయింది. 1916లో ఒక సంస్మరణ సభలోనే కన్నుమూశాడు. ఆ యుద్ధకాలంలోనే ఇండియాలోని జర్మన్ మిషనరీలను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించి స్వదేశానికి పంపేసింది. మన నెల్లూరు ప్రాంతంలోని హెర్మన్స్‌బుర్గ్ మిషన్ సంఘాలకూ ఆ దెబ్బ తగిలింది.

ఈ చిన్న మోల్ట్కేకు అన్న మనవడే మన హెల్మూట్ జేమ్స్. 1907 మార్చి 11న క్రైజావ్‌లో పుట్టాడు. తల్లి డోరతీ దక్షిణాఫ్రికా అమ్మాయి. ఆ దేశపు ప్రధాన న్యాయమూర్తిగా పేరుపొందిన సర్ జేమ్స్ రోజ్ ఇన్నెస్ ఆమె తండ్రి. ఆ తాత పేరే ఈయనకు రెండో పేరైంది. బహుశా పేరుతోపాటు న్యాయశాస్త్రం మీద మక్కువ కూడా వచ్చి ఉంటుంది. తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ శాఖవారైనా, ఈ కుర్రవాడు 14వ ఏట లూథరన్ సంప్రదాయపు సంఘంలో చేరాడు. అయితే అప్పట్లో ఆయనకున్నది పేరుకు భక్తి మాత్రమే. విశ్వాసం లేకుండా కూడా నాజీలను ఎదిరించవచ్చని చాలాకాలం నమ్మాడు. ఆ నమ్మకం యుద్ధం మొదలయ్యాక నిలబడలేదు.

22 ఏళ్ళ వయసులో అప్పుల్లో మునిగిన ఎస్టేటును నడిపే బాధ్యత నెత్తినపడింది. పెద్ద భవనంలో ఉండటం ఖర్చుతో కూడిన పని కావడంతో, గుట్ట మీది చిన్న ఇంట్లో కాపురం. 1931లో కొలోన్ నగరానికి చెందిన ఫ్రేయాను పెళ్ళాడాడు. హిట్లర్ అధికారానికి వచ్చాక జడ్జి కావాలంటే నాజీ పార్టీలో చేరక తప్పదు కనుక ఆ దారి వదులుకుని, బెర్లిన్‌లో న్యాయవాదిగా దేశం విడిచిపోయే యూదులకు సాయపడ్డాడు. ఇంగ్లండులోనూ న్యాయవాద పట్టా సంపాదించాడు. భార్యాబిడ్డలతో అక్కడికి వెళ్ళిపోయే వీలుంది. కానీ వెళ్ళలేదు.

1939లో యుద్ధం రాగానే సైన్యపు గూఢచారి శాఖలో అంతర్జాతీయ న్యాయ నిపుణుడిగా నియమించారు. ఆ మోల్ట్కేల వారసుడికి సైన్యంలో దొరికిన పని కాగితాలు, కలం. ఆ కలంతోనే పోరాడాడు. యుద్ధ ఖైదీలను చంపకూడదని, ఒకరి నేరానికి అమాయకులను బందీలుగా పట్టి కాల్చకూడదని ఫైలు వెనుక ఫైలు రాశాడు. కొన్నిచోట్ల ప్రాణాలు నిలిచాయి, చాలాచోట్ల నిలవలేదు. 1941 నాటికే యూదులకు ఏం జరుగుతోందో ఆయనకు తెలుసు. తన బల్ల మీదికి వచ్చే కబుర్లు చూసి రాత్రుళ్ళు నిద్రపట్టక ఫ్రేయాకు ఉత్తరాలు రాసేవాడు. ఆమె వాటిని క్రైజావ్‌లో తేనెపెట్టెల్లో దాచేది.

1942 ఏప్రిల్‌లో ఆయన నార్వే ప్రయాణం కట్టాడు. నాజీలు నిర్బంధించిన బిషప్ బెర్‌గ్రావ్‌కు ప్రాణహాని జరగకుండా చూడటమే అసలు పని. తోడు వచ్చిన వ్యక్తి మన పాఠకులకు బాగా తెలిసిన దైవజనుడు డీట్రిక్ బోన్‌హోఫర్. బెర్‌గ్రావ్ మీద మరణశిక్ష పడలేదు. అడవిలోని ఒక కుటీరంలో కాపలా మధ్య ఉంచారు. ప్రయాణంలో ఆ ఇద్దరూ ఒక ప్రశ్న మీద ఏకీభవించలేకపోయారు. హిట్లర్‌ను చంపడం క్రైస్తవుడికి తగునా? ఉన్మాది బండి తోలుతూ జనం మీదికి వస్తుంటే గాయపడ్డవారికి కట్లు కట్టి ఊరుకోవడం చాలదని, చక్రాన్నే ఆపాలని బోన్‌హోఫర్ వాదన. హత్యతో మొదలయ్యే కొత్త జర్మనీ మళ్ళీ పాత దారినే పడుతుందని, హిట్లర్‌ను అమరవీరుణ్ణి చేసినట్టవుతుందని మోల్ట్కే భయం. ఇద్దరూ చెరసాలకే వెళ్ళారు, ఇద్దరూ ఉరికంబమే ఎక్కారు. ఎవరిది సరైన దారి అన్న తీర్పు చెప్పడం నా వల్ల కాదు. అయితే మోల్ట్కేది పిరికితనమని మాత్రం ఎవరూ అనలేరు.

చంపడం కాదు, తర్వాత ఏం కట్టాలన్నదే ఆయన పట్టుదల. పీటర్ యోర్క్ అనే మిత్రుడితో కలిసి, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులను చేరదీశాడు. కేథలిక్ జెస్యూట్ ఫాదర్లు, లూథరన్ పాస్టర్లు, గుడి గడప తొక్కని సోషలిస్టు నాయకులు, భూస్వాములు, కార్మిక సంఘాలవారు ఆ బృందంలో ఉన్నారు. సెలవులకు చుట్టాలింటికి వచ్చినట్టుగా 1942 మే, అక్టోబరుల్లోనూ, 1943 జూన్‌లోనూ వాళ్ళు మూడుసార్లు క్రైజావ్‌లో కలిశారు. మొదటిసారి సంఘం, పాఠశాల, రాజ్యం గురించి, రెండోసారి ప్రభుత్వ నిర్మాణం, ఆర్థిక వ్యవస్థ గురించి, మూడోసారి ఇతర దేశాలతో సంబంధాలు, యుద్ధ నేరస్తుల విచారణ గురించి చర్చించారు. దొరికితే తలలు పోతాయని అందరికీ తెలుసు. యుద్ధపు బహుమానంతో కొన్న నేల మీద శాంతి గురించిన ఆ కాగితాలు తయారయ్యాయి. గుట్ట దిగువనున్న పెద్ద భవనం గోడల మీద రెండు చిత్రాలున్నాయి. ఒకటి 1806లో ల్యూబెక్‌లో ఫ్రెంచివాళ్ళ దోపిడీ, రెండోది 1871లో పారిస్‌లోకి జర్మన్ల విజయయాత్ర. అవమానానికి ప్రతీకారం తీర్చుకున్నామని చెప్పే ఆ బొమ్మల నీడలోనే హెల్మూట్ జేమ్స్ పెరిగాడు.

1944 జనవరి 19న ఆయన్ను అరెస్టు చేశారు. కారణం క్రైజావ్ సమావేశాలు కాదు. గెస్టపో వల పన్నుతోందని ఒక మిత్రుణ్ణి హెచ్చరించాడు, అంతే. రావెన్స్‌బ్రూక్‌లో ఉంచారు. కొన్నాళ్ళకు వదిలేస్తారనే ఆశ కూడా ఉండేది. జులై 20న ష్టౌఫెన్‌బెర్గ్ పెట్టిన బాంబు నుంచి హిట్లర్ తప్పించుకోవడంతో అంతా తారుమారైంది. విచారణల్లో పేర్లు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. యోర్క్‌ను ఆగస్టు 8న ఉరితీశారు. సెప్టెంబరు చివర మోల్ట్కేను బెర్లిన్‌లోని టేగెల్ జైలుకు మార్చారు.

ఆ జైలు చాప్లిన్ హారల్డ్ పోయెల్‌ఖావ్ స్వయంగా క్రైజావ్ బృందంలోని మనిషి. ఆ సంగతి నాజీలకు చివరిదాకా తెలియలేదు. ఆయన తన దుస్తుల్లో దాచి, ఫ్రేయా ఉత్తరాలు లోపలికి, హెల్మూట్ ఉత్తరాలు బయటికి చేరవేశాడు. దొరికితే ఆయనకూ ఉరే. దాదాపు నాలుగు నెలలు ఆ భార్యాభర్తలు అలా మాట్లాడుకున్నారు. క్షమాభిక్ష అర్జీలు, పిల్లల అల్లరి, పొలం పనులు, మరణభయం అన్నీ వాటిలో ఉన్నాయి. చేతులకు సంకెళ్ళు, ముందు బైబిలు, కీర్తనల పుస్తకం. ఒకరోజు విశ్వాసం కొండలా ఉంటుంది, మర్నాడు బతకాలన్న ఆశ పిండి చేస్తుంది; ఆయన ఏదీ దాచలేదు. పక్క గదుల్లో జెస్యూట్ ఫాదర్ ఆల్ఫ్రెడ్ డెల్ప్, లూథరన్ వేదపండితుడు గెర్‌స్టెన్‌మయర్ ఉన్నారు. నాలుగు వందల ఏళ్ళుగా విడిపోయిన రెండు సంఘాలవారు జైలు గోడలకు అటూ ఇటూ ఉండి ఒకరికోసం ఒకరు ప్రార్థించుకున్నారు.

1945 జనవరి 9న ప్రజా న్యాయస్థానంలో విచారణ మొదలైంది. జడ్జి రోలాండ్ ఫ్రైస్లర్ అరుపులకు పేరుమోసినవాడు. కుట్రలో పాల్గొన్నట్టు మోల్ట్కే మీద రుజువులు లేవు. జెస్యూట్లతో, బిషప్పులతో ఎందుకు మాట్లాడావన్నదే ఫ్రైస్లర్‌కు ఒళ్ళుమండించిన విషయం. క్రైస్తవ్యమూ నాజీయిజమూ ఒక్క దాంట్లోనే సమానమని, రెండూ మనిషిని పూర్తిగా తమకే ఇచ్చేయమంటాయని ఆ జడ్జే అన్నాడు. ఆ ఒక్క మాటలో అతడు నిజం పలికాడని మోల్ట్కే గుర్తించాడు. 11న మరణశిక్ష పడింది. ఆ రోజుల్లో ఫ్రేయాకు రాసిన ఉత్తరాల్లో దుఃఖం కంటే ఆశ్చర్యం ఎక్కువ. తాను ఆ జడ్జి ముందు ప్రభువంశీకుడిగా గానీ, ప్రష్యావాడిగా గానీ, ప్రొటెస్టెంటుగా గానీ కాక, కేవలం క్రైస్తవుడిగా నిలబడ్డానని రాశాడు. జులై బాంబుకు ఆరు నెలల ముందే జైల్లో పడటం కూడా, చేతికి రక్తం అంటకుండా, దేవుడు చేసిన ఏర్పాటేనని ఆయనకు తోచింది. భార్యను తన జీవితానికి కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయమని పిలిచాడు.

పన్నెండు రోజుల తర్వాత ఉరి. సమాధి లేదు, బూడిద ఎక్కడో చల్లేశారు. ఫాదర్ డెల్ప్‌ను ఫిబ్రవరి 2న ఉరితీశారు. మర్నాడే బెర్లిన్ మీద జరిగిన బాంబుదాడిలో ఫ్రైస్లర్ చచ్చిపోయాడు.

ఫ్రేయా 1945 శరదృతువులో ఇద్దరు కొడుకులతో క్రైజావ్ వదిలింది. తేనెపెట్టెల్లోని ఉత్తరాలు వెంట తీసుకుంది. సైలీషియా పోలండ్‌లో కలిసింది, ఊరి పేరు క్షిజోవా అయింది. 1989 నవంబరు 12న, బెర్లిన్ గోడ తెరుచుకున్న మూడో రోజున, జర్మనీ ఛాన్సలర్ కోల్, పోలండ్ ప్రధాని మజోవియెట్స్కీ ఆ శిథిల ఎస్టేటు ఆవరణలో జరిగిన సమాధాన ఆరాధనలో ఒకరినొకరు హత్తుకున్నారు. తర్వాత అక్కడ వివిధ దేశాల యువకులు కలుసుకునే కేంద్రం వెలిసింది. గోడల మీది ఆ రెండు యుద్ధ చిత్రాలను చెరిపేయకుండా ఉంచారు. ఫ్రేయా 2010 జనవరి 1న అమెరికాలో, 98వ ఏట ప్రభువునందు నిద్రించింది. టేగెల్ జైలు ఉత్తరాలు తాను బతికుండగా అచ్చు కాకూడదని ఆమె కోరిక. అవి 2011లో పుస్తకంగా వచ్చాయి.