వెలుగు పంచిన వైద్యుడు: డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి

విజయనగర, నాయకరాజుల కాలంలో తెలుగునేల నుండి దక్షిణానికి తరలివెళ్ళి కోయంబత్తూరు, మదురై, తిరునెల్వేలి ప్రాంతాలలో స్థిరపడిన రైతు కుటుంబాలు అనేకం. ఇంట తెలుగు, వీధిలో తమిళం పలుకుతూ, తరతరాలుగా నల్లరేగడి నేలలను సాగుచేస్తూ వచ్చిన అట్టి కుటుంబాలలో ఒకదాని నుండి వెలువడిన మహనీయులు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. వైద్యం ఉండటం వేరు, అది పేదవాని గుమ్మం చేరటం వేరు అని గ్రహించి, ఆ రెంటి నడుమనున్న దూరాన్ని తగ్గించుటకే జీవితమంతా ధారపోసిన ధన్యజీవి ఆయన.

వెంకటస్వామి 1918 అక్టోబరు 1న నాటి తిరునెల్వేలి జిల్లాలోని వడమలాపురం గ్రామంలో జన్మించారు. ఐదుగురు సంతానంలో ఆయనే పెద్దవారు. ఆ ఊరి బడిలో కాగితాలు, పెన్సిళ్ళు లేవు. పిల్లలు ఏటి ఇసుక తెచ్చి పరచుకొని, దానిపై వ్రేలితో అక్షరాలు దిద్దుకొనేవారు. ఊరిలో వైద్యుడు లేడు. దగ్గరి బంధువులైన ముగ్గురు యువతులు కాన్పు సమయపు చిక్కులతో అకాల మరణం చెందటం ఆ బాలుని మనస్సులో చెరగని ముద్ర వేసింది. వైద్యుడై, ప్రసూతి వైద్యంలోనే కృషి చేయాలని ఆయన నిశ్చయించుకొన్నారు. మదురై అమెరికన్ కళాశాలలో రసాయనశాస్త్రం చదివి 1938లో పట్టభద్రులయ్యారు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో వైద్యవిద్య ముగించారు.

1945లో సైనిక వైద్య విభాగంలో చేరిన ఆయనకు విధి కఠిన పరీక్ష పెట్టింది. తీవ్రమైన కీళ్ళవాతం సోకి చేతివ్రేళ్ళు వంకరలు తిరిగాయి. చాలాకాలం మంచం పట్టారు. 1948లో సైన్యం నుండి విడుదలయ్యారు. కలం పట్టుటకే కష్టమైన ఆ చేతులతో ప్రసూతి వైద్యం సాధ్యం కాలేదు. అయినా అధైర్యపడక నేత్రవైద్యం వైపు మరలి, 1951లో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. పట్టా సాధించారు. వంకర వ్రేళ్ళకు అనువైన పరికరాలు చేయించుకొని, కత్తి పట్టుట మళ్ళీ మొదటి నుండి అభ్యసించారు. ఆ చేతులతోనే తమ జీవితకాలంలో లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశారు.

1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్రవైద్య విభాగాధిపతి అయ్యారు. వృద్ధులను అంధులను చేస్తున్న శుక్లాలు శస్త్రచికిత్సతో నయమయ్యేవే. ఆ సంగతి తెలియక, తెలిసినా పట్నం రాలేక, గ్రామీణులు చీకటిలోనే కాలం గడుపుతుండేవారు. అందుచేత వెంకటస్వామి ఆసుపత్రినే పల్లెలకు తీసుకొనిపోదలచి నేత్రశిబిరాలు నిర్వహించారు. విటమిన్ ‘ఎ’ లోపంతో చూపు కోల్పోతున్న పసిపిల్లల కొరకు పోషకాహార కేంద్రం నెలకొల్పి, ఆకుకూరల విలువను తల్లులకు బోధింపజేశారు. 1973లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ బిరుదుతో గౌరవించింది.

1976లో పదవీ విరమణ చేసినప్పుడు ఆయన వయస్సు 58 ఏండ్లు. విశ్రాంతి కోరవలసిన ఆ వయస్సులో తోబుట్టువులను, వారి జీవిత భాగస్వాములను కూడగట్టుకొని, మదురైలో ఒక ఇంటిలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. భవన నిర్మాణానికై ఇల్లు, ఇంటి ఆడవారి నగలు తాకట్టులోకి వెళ్ళాయి. ఇవ్వగలిగినవారు రుసుము ఇస్తారు. ఇవ్వలేనివారికి అదే వైద్యం ఉచితంగా అందుతుంది. ఈ పద్ధతి పైనే ఆ సంస్థ నిలబడింది.

అయినను ఒక చిక్కు మిగిలింది. శస్త్రచికిత్స ఉచితమని చాటినా, అవసరమున్నవారిలో అనేకులు రాలేదు. కారణమేమని గ్రామాలలో విచారించగా దారి ఖర్చు, తిండి ఖర్చు, తోడు వచ్చువారి కూలి నష్టం, కత్తి అంటే భయం బయటపడ్డాయి. వైద్యం ఉచితమైనా రాకపోకలు పేదవానికి భారమేనని తేలింది. అప్పటి నుండి బస్సు, భోజనం, బస సమకూర్చి, ఊరివారిని గుంపుగా తీసుకొనివచ్చే ఏర్పాటు బలపడింది. శస్త్రచికిత్సతో చూపు పొందినవారినే ఇంటింటికీ పంపి ఇరుగుపొరుగుకు నచ్చజెప్పించే ప్రయత్నం కూడా జరిగింది. కరపత్రం చదువలేని వృద్ధునికి చూపు వచ్చిన పొరుగువాడే ప్రత్యక్ష సాక్ష్యం.

మరొక అడ్డంకి ధర. శుక్లం తీసిన కంటిలో అమర్చే కృత్రిమ కటకం ఆనాడు విదేశాల నుండి రావలసి ఉండేది. దాని ధర పేదరోగికి అందనిది. 1992లో అరవింద్ సంస్థకు అనుబంధంగా వెలసిన ఆరోలాబ్ ఆ కటకాలను మదురైలోనే తయారుచేసి, దిగుమతి ధరలో పదోవంతుకు అటూఇటూగా అందించింది. తరువాత కంటి చుక్కల మందులు, కుట్టు దారాలు కూడా అక్కడ తయారయ్యాయి. రసాయనశాస్త్రం చదివిన పల్లెటూరి బాలుని ఆశయం ఆ విధంగా ఔషధాల తయారీ వరకు విస్తరించింది.

శుక్లం ఒక్కసారి తీస్తే తీరిపోతుంది. నీటికాసులు, మధుమేహం వలన కంటి తెరకు కలిగే హాని అట్టివి కావు. నొప్పి లేకుండా ముదిరే ఈ వ్యాధులకు ఏటేటా పరీక్ష, విడువకుండా మందు అవసరం. చూపు బాగానే ఉన్నప్పుడు వైద్యుని వద్దకు ఎందుకు పోవాలో రోగికి ముందుగా తెలియాలి. 2004 నుండి పల్లెల చెంతనే నెలకొన్న దృష్టి కేంద్రాలు, దూరవాణి సాధనాలతో పట్నం వైద్యునికి గ్రామీణ రోగిని చూపించి, ఈ నిరంతర సంరక్షణకు బాటవేశాయి. అంతకుముందే, 1997లో, కోయంబత్తూరులో కూడా అరవింద్ ఆసుపత్రి వెలసింది.

అవివాహితులుగా, నిరాడంబరంగా జీవించిన వెంకటస్వామి 2006 జూలై 7న మదురైలో కన్నుమూశారు. పరిశోధన ఆయనతో ఆగలేదు. పొలంపనిలో ఆకో, కొమ్మో గీరుకొని రైతుకూలీల కంటికి శిలీంధ్రపు పుండు పడటం ఈ ప్రాంతంలో తరచైన ఆపద. దానికి కొత్త మందు వోరికొనజోల్ కంటే పాత మందు నాటమైసిన్ చుక్కలే మేలని, అరవింద్ ఆసుపత్రులలో జరిగిన పరిశోధన 2013లో లోకానికి వెల్లడించింది.

ఇసుకపై అక్షరాలు దిద్దిన చేతులు, వంకరపోయిన పిదప కూడా, లక్షమందికి పైగా వెలుగునిచ్చాయి. వసతులు చాలవని, ఆరోగ్యం సహకరించదని చింతించే విద్యార్థులకు ఆ మహనీయుని చరిత్ర ధైర్యవచనం కాగలదు. నేర్చిన విద్య నేర్వని వారికి అక్కరకు రావటమే దాని సార్థక్యమని ఆ జీవితం తెలుపుతున్నది.