పేర్లను నిలబెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు

సురవరం ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న బోరవెల్లి గ్రామంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివినా వారి మనసు తెలుగు భాష మీద, చరిత్ర మీదనే నిలిచింది. 1926లో హైదరాబాదు నుండి గోలకొండ పత్రికను ప్రారంభించారు.

తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు వారు ఊరూరి నుండి కవుల వివరాలు, పద్యాలు సేకరించారు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అడిగి రాసి ఉంచకపోతే అందులో ఎన్ని పేర్లు మరుగున పడేవో!

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలకన్నా జనం తిండికి, బట్టకు, ఆటలకు, ఆచారాలకు పెద్దపీట వేశారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

మన ఇంటి చరిత్రకూ ఇదే పద్ధతి. వికారాబాదు, తాండూరు పెన్షనర్ మిత్రులు నెలకొకసారి కలిసి కూర్చుని ఒకరికొకరు నేర్పుకోవచ్చును. ముందుగా ఇంటి పెద్దలను అడగాలి. తరువాత సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, శుభలేఖలు, సర్వీసు పుస్తకం చూసి ఊరు, పేరు, సంవత్సరం సరిపోల్చుకోవాలి. నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని చదివించుకుని తెలుగులో రాయించుకోవాలి. ముత్తాత పేరు తెలిసినవారు ఇంట్లో ఒక్కరే మిగిలి ఉంటే, ఆ పనిని రేపటికి వాయిదా వేయరాదు.